మనుష్యుడనగా ఎవడు?

పఠనీయ భాగములు: ఆదికాండము 1:26-27, 2:18, 1 కొరింథీయులకు 12:12-27

మనుష్యుని గూర్చిన ఆఫ్రికావారి తలంపును వేదబోధ ప్రక్కన ఉంచి ఈ నెల ధ్యానింతము. ఆఫ్రికా మనకు పరాయిది కాదు. మన పంజాగుట్టకు దూరముకాని ఏ.సీ. గార్డ్స్ పేటకు నిజాముగారి ఆఫ్రికా అశ్వదళమునుబట్టియే ఆ పేరు కలిగెను. మరియు 1903లో తెలుగు బాప్తిస్తులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌నకు మిషనరీగా పంపగా, అచ్చటి తోటలలో పనిచేయు తెలుగు కూలీలమధ్య వారు సంఘమును స్థాపించిరి.

1. ఆఫ్రికావారి తలంపు

ఆ నాటాల్ జూలూ జనుల దేశము. తోటివారివలననే మనుష్యుడు మనుష్యుడగునని వారిలో సామెత కలదు. ఈ గుణమును ఉబుంటు అందురు. పంచుకొననివాడు, పలుకరింపనివాడు ఇంకను పూర్ణ మనుష్యుడు కాడని దీని భావము. ఆదాము ఒంటరితనమును దేవుడు మెచ్చలేదు గనుక, ఇందులో మనము నేర్చుకొనవలసిన సత్యము కలదు.

2. వేదబోధ

అయితే జనము వెలివేసినవాని గతి యేమి? మన పితరులలో అనేకులు ఈ ప్రశ్నను అనుభవించిరి. ఊరు వారిని వెలుపల ఉంచి, బావిని, గుడిని దూరము చేసెను. మనుష్యత్వము ఊరివలననే కలిగినయెడల వారికి అది ఎక్కడిది? 1878 జూలై 3న ఒంగోలు మిషనులో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు అట్టి పల్లెలవారే. దేవుని స్వరూపము ఊరు ఇచ్చినది కాదు, ఊరు తీసివేయగలదియు కాదు.

3. మన నడవడి

ఆ స్వరూపము పాపమువలన చెడినది. కులగర్వమే అందుకు సాక్ష్యము. క్రీస్తు దానిని బాగుచేసి, మనలను ఒక్క శరీరముగా కట్టుచున్నాడు. అట్లయిన పెండ్లి సంబంధములయందు కులము నడుగు సంఘము ఆ పాత ఊరికంటె ఏమి మేలు? అమీర్‌పేట హాస్టళ్లలో ఒంటరిగా చదువుకొను పిల్లలును, నిమ్స్ ఆసుపత్రియొద్ద రోగులకొరకు కనిపెట్టుకొనియున్న పల్లెటూరి బంధువులును మన పొరుగువారు. వారి పేరడిగి, భోజనమునకు పిలుచుటతో మన పాఠము ఆరంభమగును.

ధ్యానించుటకు ప్రశ్నలు: మన సంఘములో ఎవరి పేరు మనకు ఇంకను తెలియదు? మనము ఎవరిని లెక్కింపక విడిచితిమి?