తంగేడు పూసిన గుట్ట

అక్కలారా, ఈ పాఠం మనకు తెలిసిన గుట్ట గురించే.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి బస్సులో పోతుంటే దారి పొడుగునా గుట్టలు, అడవి కనబడతాయి. ఎండకాలం ఆ గుట్టలు బోసిగా ఉంటాయి. బండరాళ్లు, మొరం, ముళ్లపొదలు. వానలు పడ్డాక చూడాలి! బతుకమ్మ పండుగ నాటికి తంగేడు పూస్తుంది. గుట్టకు పసుపు రాసినట్టే ఉంటుంది. అప్పుడు ఆ తొవ్వల నడిస్తే అలుపు తెలవదు. పెద్ద చప్పుడు ఏదీ ఉండదు. గాలి, తేనెటీగల మోత, దూరాన మేకల మెడలో గంటలు. అంతే.

ఈ తంగేడును ఎవరు నాటారు? ఎవరూ నాటలేదు. నీళ్లూ పోయలేదు. మేకలు దాన్ని అంతగా ముట్టవు. అందుకే జీవాలు తిరిగే గుట్ట మీద కూడా అది నిలిచింది. పూర్వం దాని బెరడుతో తోళ్లు శుద్ధి చేసేవారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పం చేసింది. మన గుట్ట మీది పువ్వుకే ఆ పేరు దక్కింది.

గునుగు సంగతి వేరు. అది గుట్ట కింద చెల్కల్లో మొలుస్తుంది. కలుపు మందు కొట్టిన చేనులో దొరకడం కష్టం. కలుపే కదా అంటారు. కానీ దాని లేత ఆకు కూర వండుకుంటాం. దాని పువ్వు బతుకమ్మలో పేరుస్తాం.

"ఉత్త గుట్ట, దేనికి పనికొస్తది?" అని కొందరు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. వాన ముందు గుట్ట మీద పడుతుంది. గడ్డి, పొదలు ఆ నీటిని ఆపుతాయి. వేళ్లు మట్టిని పట్టుకుంటాయి. ఆగిన నీరు మెల్లగా భూమిలోకి దిగుతుంది. కింద మన బావిలో ఊట, బోరులో నీళ్లు అవే. మిగిలిన నీరు ఒర్రెలో పడి చెరువుకు పోతుంది. పొదలు నరికినా, కాల్చినా ఏమవుతుంది? నీరు ఒక్కసారే కిందికి ఉరుకుతుంది. మట్టిని తోసుకొస్తుంది. చెరువు పూడిపోతుంది.

ఎల్లారెడ్డి నుంచి మెదక్ పోయే దారిలో పోచారం చెరువు ఉంది. దాన్ని 1916 - 1922 మధ్య కట్టారు. ఆ పక్కన ఉన్న అడవిని 1952లో అభయారణ్యం చేశారు. జింకలు, ఎలుగుబంట్లు, చిరుతలు అందులో ఉంటాయి. ఆ అడవికి సర్కారు కావలి ఉంది. మరి మన ఊరి గుట్టకు?

గుట్టలను తవ్వి ట్రాక్టర్లలో మొరం తీసుకుపోతారు. రోడ్డుకు, ఇంటికి మొరం కావాలి, నిజమే. కానీ తవ్వి అమ్ముకోవాలంటే సర్కారు అనుమతి ఉండాలి. గ్రామసభలో మనమూ అడగవచ్చు. ఎవరు తవ్వుతున్నారు? ఎంత తవ్వుతారు? కాగితం ఉందా? ఉంటే చూపమనండి. "మీకేం తెలుసమ్మా" అంటే, ఆ కాగితం చేతికి తీసుకుని పైకి చదవండి.

మాట్లాడుకోండి, రాయండి:
మీ ఊరి గుట్ట పేరు ఏమిటి?
ఆ గుట్ట నీళ్లు ఏ చెరువులోకి పోతాయి?
గుట్ట మీద దొరికే ఐదు పూల, పండ్ల పేర్లు రాయండి.