నీ నోట్‌బుక్కు చదివాక

అమ్మలూ, ఎమ్మే చదువుతూ నువ్వు చూసిన నాటకాల మీద, సినిమాల మీద రాసుకున్న నోట్‌బుక్కు రెండుసార్లు చదివాను. నీ వయసులో, 1970 ప్రాంతాల్లో, విజయనగరంలో నేనూ ఇలాంటిదే రాసుకున్నాను. మొన్న దాన్ని అటక మీంచి దింపించాను. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటే తోచిన సంగతులివి.

1. చూసింది ముందు రాయి, మెచ్చుకోలు తర్వాత.

‘మాయాబజార్’ గురించి మొదటి పేజీలో ‘అపురూపమైన దృశ్యకావ్యం’ అన్నావు. ఆ మాట ఎవరైనా అంటారు. రెండు పేజీలు తిప్పాక మార్జిన్‌లో చిన్న వాక్యం కనిపించింది: ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి వచ్చాక సావిత్రి భుజాలు మారిపోయాయని. అక్కడ ఆగిపోయాను. 1957 నుంచి ఇందరు చూసిన సినిమాలో నీ కన్ను పట్టుకున్నదది. మార్జిన్‌లో పెట్టావేం? దానితోనే మొదలుపెట్టాల్సింది. భుజాలు ఎలా మారాయి? నడక మారిందా, చూపు మారిందా? మళ్ళీ చూసి రాయి.

2. ఏడిపించింది ఎవరో కనుక్కో.

హరిశ్చంద్ర నాటకం కాటిసీను చూసి వచ్చిన రాత్రి నేను రెండు పేజీలు రాశాను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పద్యాలు నన్ను ఏడిపించాయని. నాటకం ఆయనదే. కానీ ఆ సీనులో నా గొంతుకు అడ్డం పడ్డవి జాషువా శ్మశానవాటి పద్యాలు. నటులు వాటిని తెచ్చి ఆ సీనులో కలుపుకున్నారు. అంటరానితనం అనుభవించిన కవి రాసిన పద్యాలకు ఊళ్ళో పెద్దకులాల వాళ్ళంతా ‘వన్స్ మోర్’ అని అరుస్తున్నారు, నేనూ అరిచాను, ఆయన పేరు తెలియకుండానే. ఎమ్మేలో చేరాకగాని నాకు ఆ సంగతి తెలియలేదు. సాహిత్యం చదివేవాడిగా అది నాకు చాలా పెద్ద లోటు. ఇంకోటి కూడా చూసుకో: రాయబారం సీనులో కృష్ణుడు రాగం తీస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది. అది గొంతుకా, తిరుపతి వేంకట కవుల పద్యానికా? ఇంటికొచ్చి ఆ పద్యం రాగం లేకుండా చదువుకుంటే తెలుస్తుంది.

3. ‘పుస్తకంలో ఉన్నట్టు లేదు’ అని వదిలేయకు.

1955లో వచ్చిన ‘కన్యాశుల్కం’ సినిమా మీద నువ్వు ఆ ఒక్క ముక్కే రాశావు. ఏ పుస్తకంలో ఉన్నట్టు? 1892లో మా ఊళ్ళో ఆడి 1897లో అచ్చయిన నాటకం, 1909లో మళ్ళీ అచ్చయినది ఒకటి కావు. గురజాడే దాన్ని కూలగొట్టి కట్టినంత పని చేశారు. ఇవాళ మనం చదివేది ఆ రెండోది. దాన్ని కూడా ఉన్నదున్నట్టు ఆడటం కష్టం, ప్రతి నాటక సమాజమూ కుదించుకునే ఆడుతుంది. సినిమా వాళ్ళు ఏం తీసేశారో, పూర్ణమ్మ కథను తెచ్చి ఎందుకు చేర్చారో అడుగు.

4. ఒక నటుణ్ణి ఒక్క పాత్రతో ముడివేయకు.

‘శంకరాభరణం’ 1980లో వచ్చినప్పుడు దేశమంతా జె.వి. సోమయాజులు గారిలో శంకరశాస్త్రిని చూసింది. మాకు మాత్రం ఆయన కన్యాశుల్కం నాటకంలో రామప్పపంతులు. తమ్ముడు రమణమూర్తి గిరీశం. ఆ పంతులు ఇంత నిష్ఠగా కూర్చోగలడా అని హాల్లో నాకు పది నిమిషాలు నమ్మకం కుదరలేదు.

5. పాత రాతలు చింపకు.

నా నోట్‌బుక్కులో ఒక పేజీ ఉంది, నీకు చూపించడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. కన్యాశుల్కంలో మీనాక్షి గురించి ‘చెడిపోయిన ఆడది’ అని రాసి కింద గీత గీశాను. పంతొమ్మిదేళ్ళ నాకు అంతకంటే కనిపించలేదు. ముసలి తండ్రి లుబ్ధావధాన్లు ఇంట్లో బతుకుతున్న వయసులో ఉన్న వితంతువు ఆమె. ఆమెను వాడుకున్న రామప్పపంతులు పెద్దమనిషిగానే తిరుగుతాడు. అతని గురించి మాత్రం ‘భలే హాస్యపాత్ర’ అని రాశాను. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాక ఆ పేజీ కిందే తేదీ వేసి మళ్ళీ రాశాను. మొదటిది కొట్టెయ్యలేదు.

6. పక్క కుర్చీ వైపు కూడా చూడు.

ఒకసారి కన్యాశుల్కానికి మా మేనత్తను తీసుకెళ్ళాను. పదేళ్ళకే తాళి తెగిన మనిషి, అప్పటికి డెబ్భై దగ్గర. ఊళ్ళో నాటకమంటే ఎప్పుడూ బయలుదేరనిది, ఆ రోజు ఎందుకో వస్తానంది. అగ్నిహోత్రావధాన్లు కోపానికి హాలంతా పగలబడి నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను. కూతురు సుబ్బి పెళ్ళి తలుచుకుని ఆయన భార్య వెంకమ్మ నూతిలో పడిందని గోల లేచింది. హాల్లో నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు. అత్త నా మణికట్టు పట్టుకుంది. నాటకం అయ్యేదాకా వదల్లేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి నేను మూడు పేజీలు రాశాను. గిరీశం వేషధారి ఇంగ్లీషు ఎంత బాగా పలికాడో, తెరలు ఎలా ఉన్నాయో అన్నీ ఉన్నాయి. అత్త లేదు. రిక్షాలో వస్తూ ఆమె ఏదో ఒక మాట అంది, నెమ్మదిగా, బండి చప్పుడులో. ఎంత తడుముకున్నా ఆ మాట గుర్తుకు రావడం లేదమ్మా.