శరత్కాలపు కొల్లేరు: ఒకే నీటిలో అనేక జాతుల వేట

కార్తీకమాసములో కొల్లేటి లంక గ్రామపు రేవున ఒక చేపల బుట్టను బోర్లించి చూచినచో, అందులో ఒక్క జాతి చేపలే ఉండుట అరుదు. బొచ్చె, మోసు, కొర్రమీను, వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, గుప్పెడు పరిగెలు, నాలుగు రొయ్యలు, అన్నియు కలిసి ఉంటాయి.  ఇన్ని జాతులు ఒకే నీటిలో ఎట్లు ఇముడుచున్నవి, వాటిని పట్టువానికి ఎదురగు చిక్కు ఏమిటి అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింతము.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లములో ఏర్పడిన సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు, అనేక కాలువలు తెచ్చిన నీరు ఇందులో చేరి ఉప్పుటేరు మార్గమున బంగాళాఖాతమునకు పోవును. పూర్వము కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య ఉండిన ఈ సరస్సు 2022లో జరిగిన జిల్లాల విభజనతో చాలవరకు ఏలూరు జిల్లాలోనికి వచ్చినది. నీటిమట్టము 5 అడుగులున్నప్పుడు దీని విస్తీర్ణము 308 చదరపు కిలోమీటర్లు. అదే 10 అడుగులకు పెరిగిన 901 చదరపు కిలోమీటర్లు. అనగా కొల్లేరు లోతైన బావి వంటిది కాదు, వెడల్పయిన పళ్ళెము వంటిది. మట్టము కొద్దిగా పెరిగినను నీరు ఎంతో దూరము పరచుకొనును, కొద్దిగా తగ్గినను అంతే దూరము వెనుకకు తీయును. శరత్కాలపు వేట అంతయు ఈ పళ్ళెపు స్వభావము మీదనే ఆధారపడి ఉన్నది.

శ్రావణ భాద్రపదములలో నీరు గట్టు అంచుల గడ్డిలోనికి ఎక్కును. అక్కడ పురుగులు, నాచు, సూక్ష్మజీవులు సమృద్ధిగా ఉండుటచే చేపపిల్లలు త్వరగా ఎదుగును. తుఫానులు అడ్డుపడనిచో ఆశ్వయుజము దాటినప్పటి నుండి నీరు తీయుట ప్రారంభమగును. నీటితో పాటు చేపలు కూడ మెరక నుండి కాలువలలోనికి, కాలువల నుండి లోతునకు దిగును. మావులు పెట్టువారు ఎదురుచూచునది ఈ దిగుబాటు కొరకే.

ఒక్కొక్క జాతి ఎక్కడ మేయునో దాని నోటిని చూచి చెప్పవచ్చును. బొచ్చె నోరు పైకి తిరిగి ఉండును. అది పైపొరలోని సూక్ష్మజంతువులను తినును. రోహు నడిమి నీటిలో మేయును. ఎర్రమోసు నోరు క్రిందికి ఉండును, అడుగున కుళ్ళిన ఆకుల పదార్థము దాని ఆహారము. వాలుగ ఈ పంపకమును లెక్కచేయదు. దాని పెద్ద నోటికి అందిన చేప ఏదైనను ఆహారమే. ఇక కొర్రమీను, మార్పు, ఇంగిలాయి వేరొక తరగతికి చెందినవి. వీటికి మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చుకొను అదనపు అవయవములు కలవు. గుర్రపు డెక్క కుళ్ళి తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మిగిలిన చేపలు పైకి తేలి నోరు తెరచుచుండగా, ఇవి మాత్రము ఒక గుక్క గాలి పీల్చుకొని మరల మునుగును. కొర్రమీనును మన ఉర్దూ విభాగపు మిత్రులు మరల్ అందురు. బజారులో దీనికి బ్రతికియున్నప్పుడే అధిక ధర పలుకుటకు కారణము రుచి మాత్రమే కాదు, తడి గోనెలో కూడ చాలసేపు బ్రతుకగల ఈ శక్తి కూడ.

జాతి మారిన సాధనము మారును. తేట నీటిలో విసురువల పనికివచ్చును. గుర్రపు డెక్క అల్లుకొన్నచోట దానిని విసరుట వ్యర్థము. అక్కడ గాలము, వెదురుబద్దలతో అల్లిన మావు ఉపయోగపడును. తాటి మాను తొలిచి చేసిన దోనె ఇరుకు దారులలో సులభముగా సాగును.

అసలు చిక్కు వల కన్నులో ఉన్నది. నిలువుగా కట్టిన వలలో చేప తల దూర్చును. మొప్ప వెనుక దారము బిగియును. ముందుకు పోలేదు, వెనుకకు రాలేదు. కావున కన్ను ఎంత పెద్దదో దానికి తగిన లావు చేపయే చిక్కును. ఒకే జాతి ఉన్నచోట ఇది సులభమైన లెక్క. కొల్లేటిలో అట్లు కాదు. పూర్తిగా ఎదిగిన పరిగె కూడ అరచేతిని మించదు. శరత్కాలమునకు, ఆ యేటి వానలలో పుట్టిన బొచ్చె పిల్ల, రోహు పిల్ల కూడ ఇంచుమించు అదే పరిమాణములో ఉండును. పరిగెను పట్టదగిన వల వేసినచో, మరుసటి యేడు కిలో తూగవలసిన పిల్ల కూడ అందులో చచ్చును. పిల్లను విడుచు పెద్ద కన్ను వేసినచో పరిగె దక్కదు. పరిగెయే పేదవాని కూర, లంక గ్రామపు ఇంటి పొయ్యి మీదకు ముందుగా చేరునది అదియే. ఈ ఇంటికి పెద్ద కన్ను వాడుమని ఉపదేశించుట తేలిక, అమలు కష్టము. మా అభిప్రాయములో మావు వలకంటె మేలు. అందులో చేప బ్రతికియుండును, ఏరి విడుచుటకు వీలున్నది. విడుచుటయా, మానుటయా అనునది ఆ ఉదయపు ఆకలి నిర్ణయించును.

కొల్లేటికి మరొక చరిత్ర కలదు. బొచ్చె, రోహు, మోసు నిలువ నీటిలో సహజముగా గుడ్లు పెట్టవు. పారు వరద నీరు వాటికి కావలెను. 1957లో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి రసమును సూదిమందుగా ఇచ్చి వీటిచే గుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. దీనితో చెరువులలో పెంపకమునకు ద్వారము తెరచుకొన్నది. 1970 దశకము నుండి కొల్లేటి గర్భములోనే చెరువులు త్రవ్వబడి, గట్లు లేచినవి. చేపల ఉత్పత్తి పెరిగినది, కాదనలేము. కాని గట్టు లేచినచోట నీరు పరచుకొనలేదు, మెరక గడ్డి మునుగలేదు, దిగుబాటు నిలిచినది. 1999లో 5 అడుగుల మట్టము వరకు ఈ ప్రాంతము అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్సర్ ఒడంబడిక జాబితాలో చేరినది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశములననుసరించి పెక్కు గట్లు కూల్చబడినవి. గట్లు కూలినప్పుడు, చెరువులలో కూలి చేసి బ్రతుకుచుండిన కుటుంబములు నష్టపోయిన మాట కూడ వ్రాయక తప్పదు.

ఈ విషయమును అధ్యయనము చేయగోరు విద్యార్థులకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఒక త్రాసు, ఒక స్కేలు, ఒక నోటుపుస్తకము చాలును. ఆశ్వయుజము నుండి మార్గశిరము వరకు, వారమునకొక మారు ఒకే రేవునకు పోయి, ఒకే సాధనముతో పట్టిన బుట్టలోని చేపలను జాతుల వారీగా ఏరి, లెక్క, పొడవు, బరువు వ్రాసికొనవలెను. వల కన్ను కొలతను, ఆనాటి నీటిమట్టమును విధిగా గుర్తింపవలెను. అవి లేని లెక్క మరుసటి యేటి లెక్కతో పోల్చుటకు పనికిరాదు. జాతుల పేర్లు తెలుగున, ఉర్దూలో, శాస్త్రీయనామముతో మూడు వరుసలలో ఉండుట మంచిది. వారమున కొకమారు బస్సు ఛార్జీల విషయము కమిటీ పెద్దలు ఆలోచింతురని నమ్ముచున్నాము.