ఎక్కే ముందు లెక్క

పిల్లలూ! ఏడుపాయల జాతరలో రంకులరాట్నం ఎక్కారా? నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ పైనుంచి దీపాలు చూశారా? 1938లో మొదలైన ఆ నుమాయిష్‌కు మీ తాతలు కూడా వెళ్ళే ఉంటారు. ఇప్పుడు అంతకంటె పెద్ద సరదాలు వచ్చాయి. మన కాజీపల్లి దగ్గర అవుటర్ రింగు రోడ్డు ఎక్కి నగరాన్ని చుట్టి వెళితే రావిర్యాల వస్తుంది. అక్కడ 2016లో వండర్‌లా వినోద పార్కు తెరిచారు. ఈసారి విహారయాత్ర అక్కడికే వెళ్దామని మీలో చాలామంది అడుగుతూ ఉంటారు.

ఇలాంటి పార్కులు ఏటా ఏదో ఒక మార్పు చేస్తూనే ఉంటాయి. పాత రైడ్ తీసి కొత్తది పెడతారు. ఉన్నదాని ఎత్తు పెంచుతారు. కుర్చీలు మారుస్తారు. రాత్రి బసకు గదులిచ్చే రిసార్టు హోటళ్ళు కూడా అద్దెలు, అడ్వాన్సులు, వాపసు నిబంధనలు మారుస్తూ ఉంటాయి. రైడ్‌లో మార్పు మీ ప్రాణానికి సంబంధించింది. నిబంధనలో మార్పు మీ నాన్నగారు ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి తెచ్చిన జీతానికి సంబంధించింది. ఈ రెండింటినీ అర్థం చేసుకోవడానికి మీ తరగతిలో నేర్చుకున్న లెక్కలే చాలు. అదెలాగో చూద్దాం.

మెట్టపై జమ, పల్లంలో ఖర్చు

రోలర్ కోస్టర్ బండికి సాధారణంగా ఇంజను ఉండదు. గొలుసో, మోటారో దానిని మొదటి మెట్టపైకి లాగి వదిలేస్తుంది. తర్వాత అంతా గురుత్వాకర్షణ పనే. పైకి లాగడానికి చేసిన పని బండిలో స్థితిశక్తిగా జమ అవుతుంది. కిందికి జారేటప్పుడు ఆ జమ గతిశక్తిగా మారుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మెట్ట ఎత్తు 20 మీటర్లు. మీ ద్రవ్యరాశి 40 కిలోలు. గురుత్వ త్వరణం విలువ 10 అనుకుందాం. ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణాన్ని, ఎత్తును గుణిస్తే మీ పేరున జమ అయిన స్థితిశక్తి 8,000 జౌళ్ళు. ఘర్షణ ఏమాత్రం లేకపోతే ఇదంతా కింద గతిశక్తి అవుతుంది. అప్పుడు మీ వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. ఇక్కడ ఒక విశేషం గమనించండి. లెక్కలో ద్రవ్యరాశి రెండు వైపులా ఉండి కొట్టివేయబడుతుంది. కనుక ఘర్షణ లేని ఊహాలోకంలో బక్కవాడైనా, బొద్దువాడైనా ఒకే వేగంతో దిగుతారు.

కాని మనది ఊహాలోకం కాదు. చక్రాలు పట్టాలను రాసుకుంటాయి, గాలి అడ్డుపడుతుంది. బండి ఒక చుట్టు తిరిగి మళ్ళీ నేలమట్టానికి వచ్చేసరికి వేగం సెకనుకు 18 మీటర్లే ఉందనుకోండి. మీ గతిశక్తి ఇప్పుడు 6,480 జౌళ్ళు. మిగిలిన 1,520 జౌళ్ళు ఏమయ్యాయి? మాయం కాలేదు. చక్రాల వేడిగా, చప్పుడుగా, గాలి కదలికగా మారాయి. శక్తి నిత్యత్వ నియమం చెప్పేది ఇదే. శక్తి పుట్టదు, నశించదు, రూపం మాత్రమే మార్చుకుంటుంది.

ఇప్పుడు ముందుకు రాబోయే మెట్ట ఎంత ఎత్తుండవచ్చు? 6,480ని 400తో భాగించండి. 16.2 మీటర్లు వస్తుంది. "సరదా చాలడం లేదు, ఆ మెట్టను 18 మీటర్లు చేద్దాం" అని ఎవరైనా మార్పు చేశారనుకోండి. బండి దాని కొసకు చేరలేదు. మధ్యలో ఆగి వెనక్కి జారుతుంది. ఒక్క మెట్ట మార్చాలన్నా బాట మొత్తానికి మళ్ళీ లెక్క వేయవలసిందే.

మెట్ట ఎత్తుతో పాటు దాని వంపు కూడా ముఖ్యమే. 10 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మెట్ట కొసను సెకనుకు 10 మీటర్ల వేగంతో దాటితే వేగ వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించగా 10 వస్తుంది. ఇది గురుత్వ త్వరణానికి సమానం. ఆ క్షణంలో కుర్చీ మిమ్మల్ని ఏమాత్రం తాకనట్లే ఉంటుంది. వేగం 12 అయితే ఆ విలువ 14.4 అవుతుంది. పట్టీ పట్టి ఉంచకపోతే మీరు గాలిలోకి లేచిపోతారు.

అమెరికాలోని కాన్సాస్ సిటీలో 2014లో 51 మీటర్ల ఎత్తున్న నీటి జారుడుబండ తెరిచారు. అందులో తెప్ప మొదటి పల్లం దిగి రెండవ మెట్ట ఎక్కాలి. పరీక్షల్లోనే తెప్పలు గాలిలోకి లేచాయి. కొంత భాగం మార్చి కట్టి తెరిచారు. 2016 ఆగస్టులో తెప్ప లేచిపోయి పదేళ్ళ బాలుడు మరణించాడు. 2018లో దాన్ని కూల్చివేశారు. మార్పు చేయడం ఒక ఎత్తు, ఆ మార్పుకు లెక్క సరిపోవడం మరొక ఎత్తు.

గుండ్రని చుట్టు ఎందుకు పోయింది?

బండిని తలకిందులుగా తిప్పే నిలువు చుట్టును చూడండి. అది గుండ్రంగా ఉండదు. నీటి బొట్టులా కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంటుంది. దీని వెనుక ఒక చరిత్ర ఉంది.

1895లో న్యూయార్కులోని కోనీ ద్వీపంలో "ఫ్లిప్ ఫ్లాప్" అనే బండి నడిచింది. దాని చుట్టు అచ్చంగా వృత్తమే. ఎక్కినవారికి మెడలు పట్టేశాయి. జనం డబ్బిచ్చి ఎక్కడం కంటె పక్కన నిలబడి చూడడానికే ఇష్టపడ్డారట! కారణం లెక్కలో దొరుకుతుంది.

వృత్తం వ్యాసార్ధం 8 మీటర్లు అనుకోండి. 20 మీటర్ల ఎత్తు నుంచి దిగిన బండి అడుగున సెకనుకు 20 మీటర్ల వేగంతో ఉంటుంది. వేగ వర్గం 400. దాన్ని 8తో భాగిస్తే 50. ఇది గురుత్వ త్వరణానికి 5 రెట్లు. దీనికి మీ సొంత బరువు కలిపితే 6 రెట్లు. అంటే 40 కిలోల పిల్లవాడిని కుర్చీ 240 కిలోల బరువుకు సమానమైన బలంతో పైకి నెడుతుంది. అదీ నెమ్మదిగా కాదు. తిన్నని పట్టా వృత్తంలోకి మారిన ఆ ఒక్క క్షణంలోనే.

పోనీ వేగం తగ్గిద్దామా? అప్పుడు బండి పైభాగంలో పట్టాను అంటిపెట్టుకుని ఉండలేదు. ఆ కొసన, 16 మీటర్ల ఎత్తులో, వేగ వర్గం 80. దాన్ని 8తో భాగిస్తే సరిగ్గా 10. ఏ మాత్రం తగ్గినా ప్రమాదమే. కింద ఎక్కువ, పైన తక్కువ. ఇదీ వృత్తంతో వచ్చిన చిక్కు.

ఈ చిక్కును విప్పి 1976లో జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ కాలిఫోర్నియాలోని "రివల్యూషన్" రైడ్‌కు బొట్టు ఆకారపు చుట్టును రూపొందించాడు. చుట్టు ఎత్తు అంతే ఉంచి అడుగున వ్యాసార్ధం 20 మీటర్లు, పైన 5 మీటర్లు చేశామనుకోండి. అడుగున 400ను 20తో భాగిస్తే 20. సొంత బరువు కలిపితే 3 రెట్లు మాత్రమే. పైన 80ని 5తో భాగిస్తే 16. బండి పట్టాను గట్టిగానే అంటిపెట్టుకుంటుంది. వ్యాసార్ధం కొద్దికొద్దిగా మారే ఇలాంటి వంపునే రైలు పట్టాలను, పెద్ద రోడ్లను మలుపు తిప్పేటప్పుడు కూడా వాడతారు. అవుటర్ రింగు రోడ్డు దిగే చోట బస్సు మిమ్మల్ని ఒక్కసారిగా పక్కకు తోయకపోవడానికి ఇలాంటి వంపే కారణం.

ఇనుముకూ అలసట ఉంది

ఒక సన్నని ఇనుప తీగను తీసుకుని ఒకే చోట అటూ ఇటూ వంచండి. ఒక్కసారి వంచితే విరగదు. ఇరవై, ముప్ఫై సార్లు వంచితే విరుగుతుంది. దీన్ని లోహపు అలసట అంటారు. కంటికి కనిపించని చిన్న బీట మొదలై, ప్రతి వంపుకూ కొంచెం పెరుగుతుంది.

ఊయలలా ఊగే పెద్ద రైడ్‌ను తీసుకోండి. అది అడ్డంగా లేచేంత ఎత్తు నుంచి దిగి అడుగుకు వచ్చేసరికి, దాన్ని మోసే చేతిపై దాని బరువుకు 3 రెట్ల బలం పడుతుంది. ఒక ఆటలో 40 సార్లు అడుగును దాటితే, రోజుకు 15 ఆటలైతే, రోజుకు 600 సార్లు. ఏడాదిలో 300 రోజులు నడిస్తే 1,80,000 సార్లు! ఇక్కడ బొద్దువాడు, బక్కవాడు ఒకటి కాదు. వేగం ద్రవ్యరాశిని పట్టించుకోకపోవచ్చు, ఇరుసు మాత్రం పట్టించుకుంటుంది. పాత చేతికి నాలుగు కుర్చీలు అదనంగా బిగిస్తే ప్రతి ఊపుకూ ఆ భారం మూడింతలై పడుతుంది.

2019 జూలై 14న అహమదాబాదులోని కాంకరియా దగ్గర ఇలా ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు మరణించారు. పలువురు గాయపడ్డారు. 2025 జనవరిలో మన నుమాయిష్‌లోనే ఒక రైడ్ మధ్యలో ఆగి, ఎక్కినవారు కొంతసేపు తలకిందులుగా ఉండిపోయారు. అదృష్టవశాత్తు వారు క్షేమంగా దిగారు. వినోద రైడ్ల భద్రతకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 15475 అనే ప్రమాణాన్ని రూపొందించింది.

మన పటాన్‌చెరు, కాజీపల్లి ఫ్యాక్టరీలలో బాయిలర్లు ఉంటాయని మీకు తెలుసు. బాయిలర్‌ను నిర్ణీత కాలానికి ఒకసారి అధికారి తనిఖీ చేసి ధ్రువపత్రం ఇవ్వాలి. దాని నిర్మాణంలో మార్పు చేయాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి పొందాలి. పనివాళ్ళ ప్రాణం కాపాడే ఆ జాగ్రత్తే పిల్లలెక్కే రైడ్‌కూ కావాలి. ఎత్తు కొలిచే కర్ర దగ్గర "రెండంగుళాలే కదా సార్" అని బతిమాలకండి. అడ్డుకడ్డీ మీ ఒంటిపై ఎక్కడ ఆనాలో ఆ కొలత ప్రకారమే దాన్ని చేశారు.

అదే లెక్క బిల్లు మీద

ఇప్పుడు బిల్లు చూద్దాం. వినోద పార్కు టికెట్లపై జి.ఎస్.టి.ని 2018 జనవరిలో 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పన్నుతో కలిపి టికెట్టు 1,180 రూపాయలు అనుకోండి. అసలు ధర ఎంత? 1,180లో 18 శాతం తీసివేసి 967 రూపాయల 60 పైసలు అంటే తప్పు. పన్ను వేసింది అసలు ధర మీద. 118 భాగాలు 1,180 అయితే 100 భాగాలు 1,000 రూపాయలు. పన్ను 180.

హోటలు గదికి వేరే లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు మించితే 18 శాతం. 4,000 రూపాయల గదులు రెండు తీసుకుంటే అద్దె 8,000. అది 7,500 దాటింది కదా, 18 శాతం వేస్తారా? వేయకూడదు. హద్దు ఒక్కొక్క గదికి, ఒక్కొక్క రోజుకు. కనుక పన్ను 400, మొత్తం 8,400.

ఇందులో సగం, 4,200 రూపాయలు, అడ్వాన్సు కట్టారనుకోండి. నిబంధన ఇలా ఉందనుకుందాం. 7 రోజుల ముందు మానుకుంటే నూటికి 80 వాపసు. 3 రోజుల ముందైతే సగం. ఆ తర్వాత ఏమీ రాదు. మీరు 4 రోజుల ముందు మానుకుంటే 2,100 పోతాయి. ఏడవ రోజునే చెప్పి ఉంటే 840 మాత్రమే పోయేవి. తేదీ ఎంత ముఖ్యమో చూశారా?

కొన్ని హోటళ్ళు గది ఇచ్చేటప్పుడు పూచీగా కార్డులో కొంత సొమ్మును నిలిపి ఉంచుతాయి. అది ఖర్చు కాలేదు, కాని విడిచేవరకు మీరు వాడుకోలేరు. మెట్టపై బ్రేకు వేసి ఆపిన బండిలోని స్థితిశక్తి వంటిది అది. ఖాతాలో ఉన్నదే కొంచెం అయితే తిరుగు ప్రయాణానికి ఇబ్బంది. అందుకే ఎంత నిలుపుతారో, ఎప్పుడు విడుస్తారో ముందే అడగాలి.

సేవా రుసుము సంగతి కూడా తెలుసుకోండి. హోటళ్ళు, రెస్టారెంట్లు దాన్ని తమంతట తామే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

రైడ్ లెక్కకూ బిల్లు లెక్కకూ ఒక పెద్ద తేడా ఉంది. ఘర్షణ తీసుకునే భాగం ప్రకృతి నియమం. దానితో బేరం లేదు. బిల్లులో కోత మాత్రం మనుషులు రాసిన నిబంధన. దాన్ని చదవవచ్చు, అడగవచ్చు, తప్పయితే తప్పని చెప్పవచ్చు. డబ్బు కట్టాక కాదు, కట్టే ముందే.

చేసి చూడండి

పాత నీటి గొట్టం ముక్కను పొడవునా సగానికి పెద్దవాళ్ళ చేత కోయించండి. 20 సెంటీమీటర్ల వ్యాసం గల నిలువు చుట్టుగా వంచి కట్టండి. ఒక కొసను పైకెత్తి గోలీని వదలండి. ఘర్షణ లేకుండా జారే వస్తువుకు 25 సెంటీమీటర్ల ఎత్తు చాలు. మీ గోలీకి ఎంత కావలసి వచ్చింది? ఎందుకు ఎక్కువైంది? గోలీ దొర్లడానికి కూడా కొంత శక్తి ఖర్చవుతుందని గుర్తుంచుకుని, మిగిలిన కారణాలు మీరే రాయండి. తర్వాత చుట్టును బొట్టు ఆకారంలోకి మార్చి మళ్ళీ కొలవండి.

ప్రశ్నలు

1. ఘర్షణ లేదనుకుంటే, 45 మీటర్ల మెట్ట దిగిన బండి వేగం ఎంత? 20 మీటర్ల మెట్టతో పోలిస్తే ఎన్ని రెట్లు?

2. 18 శాతం పన్నుతో కలిపి 590 రూపాయలైన టికెట్టు అసలు ధర ఎంత?

3. ఊగే రైడ్‌లో అదనంగా 200 కిలోల బరువు చేరితే, అడుగున దాని చేతిపై ఎన్ని కిలోల బరువుకు సమానమైన అదనపు బలం పడుతుంది?

జవాబులు: 1. సెకనుకు 30 మీటర్లు, ఒకటిన్నర రెట్లు. 2. 500 రూపాయలు. 3. 600 కిలోలు.