ఈ ఆదివారం గుట్టలకు వెళ్లు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. 'ఇక్కడ అద్దాల బిల్డింగులు తప్ప చూడ్డానికేముంది తాతయ్యా' అని రాశావు. ఆ మాటకు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. సెలవు రోజు కూడా హాస్టల్ గది దాటడం లేదని మీ అమ్మ బెంగపడుతోంది. వేళకు తింటున్నావా తల్లీ?

ఈ ఆదివారం తెల్లవారుతూనే ఖాజాగూడ గుట్టలకు వెళ్లు. ఒక్కదానివే వద్దు, నీ రూమ్మేటును వెంటబెట్టుకో. ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, అనంతపద్మనాభస్వామి గుడి అక్కడే ఉన్నాయి, రెండుచోట్లా దణ్ణం పెట్టుకో. తర్వాత ఆ బండల్ని చూడు. ఒకదాని మీదొకటి ఎవరో నిలబెట్టినట్టుంటాయి గానీ ఏ మనిషీ పేర్చలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. భూమిలో ఉండగానే పగుళ్ల వెంట నీరు దిగింది, మూలలు అరిగాయి, పైమట్టి వానలకు కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి.

నీ వయసులో నేను మెహిదీపట్నం నుంచి సైకిలు మీద అటు వెళ్లేవాణ్ని. మాదాపూరంటే అప్పుడు పొలాలు, గుట్టలే. ఒకసారి ఓ వడ్డెర పెద్దాయన సమ్మెట పక్కన పెట్టి, నా అరచేతిని రాయికి ఆనించి, అది ఎటు చీలుతుందో వేలితో గీసి చూపించాడు. రాయి కొట్టి బతికే మనిషి, ఒక్క బండను మాత్రం ముట్టనన్నాడు. దాని నీడలోనే ఆయన భార్య బిడ్డను పడుకోబెట్టేదట. ఆ మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టాడు. నీకూ తొక్కు పంపుతున్నాను, పెరుగన్నంలో నంజుకో.

1998లో అదే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఎన్ని గుట్టల్ని పేల్చి చదును చేశారో! అంతకు రెండేళ్ల ముందే, 1996లో, వాటిని కాపాడాలని సొసైటీ టు సేవ్ రాక్స్ పుట్టింది. వాళ్లు రాళ్ల మధ్య నడకలు పెడతారు, నువ్వూ వెళ్లు. ఉద్యోగాలు రావద్దని నేననను, నీ జీతం అక్కడిదే. కానీ బండను ఉంచి కట్టడం మనవాళ్లకు తెలియని విద్య కాదమ్మా.

నమ్మకపోతే అటునుంచటే గోల్కొండకు పో. ద్వారం దగ్గర చప్పట్లు అందరూ కొడతారు. నువ్వు కోట పైనున్న బాలాహిసార్‌కు ఎక్కుతూ గోడల్ని చూడు. గోడ బండదాకా వచ్చి ఆగుతుంది, అవతలి నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆ మధ్యలో కోటకు బండే గోడ. నాలుగొందల ఏళ్లు దాటినా ఆ అతుకు చెక్కుచెదరలేదు. అక్కడ కాసేపు కూర్చో, ఎండ ముదిరితే దిగిపో.

పక్కనే కుతుబ్ షాహీ సమాధులు. పాత మరమ్మతుల సిమెంటు తీసేసి మళ్లీ సున్నం పూశారు, దగ్గరికెళ్లి చూడు. సాయంత్రానికి దుర్గం చెరువు. అందరూ తీగల వంతెనను ఫొటోలు తీస్తారు, నువ్వు మాత్రం గట్టున మిగిలిన రాళ్లను చూడు. ఒకప్పుడు గోల్కొండకు నీళ్లిచ్చిన చెరువది.

మీ ఆఫీసు ఆవరణలో బండ ఏదైనా మిగిలుందా? ఉంటే ఫొటో తీసి పంపు, ఎవరైనా దాన్ని పగలగొడతామంటే వెంటనే నాకు రాయి. పై నెల మోకాళ్లు సహకరిస్తే నేనూ వస్తాను, మనిద్దరం కలిసి చూద్దాం.

మీ తాతయ్య