ముందు దానికో పని చూపించు

వినుకొండ

అమ్మలూ,

నువ్వు పంపిన ఇంజను బొమ్మలు ఫోన్లో సరిగా ఆనకపోతే మీ అన్నయ్య కంప్యూటర్లో పెద్దవి చేయించుకుని చూశాను. ఇత్తడి గొట్టాలు, రాగి గుమ్మటాలు, బాయిలరు పక్కన ఒకదాన్నొకటి కరుచుకున్న పళ్లచక్రాలు, నెత్తిన మూడు పొగగొట్టాలు. చెయ్యి తిరిగిన పని. మీ పెద్దమ్మ కూడా ముచ్చటపడింది. ఇక ఇంజన్ల షెడ్డు మనిషిగా అడగాల్సినవి అడుగుతాను, నొచ్చుకోకు. ఆ పళ్లచక్రాలు దేన్ని తిప్పుతున్నాయి? మూడు గొట్టాల కింద పొయ్యిలెన్ని? అది ఏ ఊళ్లో నీళ్లు పడుతుంది, ఏ సరుకు లాగుతుంది?

ఊహించి గీసిన ఇంజనుకి ఇన్ని ప్రశ్నలేమిటి అంటావేమో. ఊహించినదానికే ఎక్కువ కావాలి తల్లీ. మన గుంటూరు - గుంతకల్లు మీటర్‌గేజి లైను మీద వైపీ, వైజీ ఇంజన్లు నిజంగా తిరిగాయి. వాటిని ఎవరూ నిలదీయరు. ఎన్నడూ లేని ఇంజనును పట్టాల మీద పెట్టి నమ్మమంటున్నది నువ్వు. నమ్మకం ఇత్తడితో రాదు, చేసే పనితో వస్తుంది.

ఆవిరి ఇంజను ఒంటి మీద ఊరికే ఉన్నది దాదాపు ఏదీ లేదు. బాయిలరు పైన గుమ్మటం ఎందుకు? కుతకుతలాడే నీటికి వీలైనంత ఎత్తున, తడిలేని ఆవిరిని పట్టడానికి. నీళ్లు ఆవిరితో పాటు సిలిండరులోకి పోతే దాని మూత పగులుతుంది. రెండో గుమ్మటంలో ఇసుక; చక్రం జారితే పట్టా మీద చల్లడానికి. పొగగొట్టం పొగ పోవడానికే కాదు, సిలిండర్లు వదిలిన ఆవిరి అందులోంచి చిమ్ముతూ పొయ్యికి గాలి లాగుతుంది. అందుకే ఎంత కష్టపడితే అంత రాజుకుంటుంది. బ్రాడ్‌గేజి డబ్ల్యూపీకి ముక్కు మీద నక్షత్రం ఉండేది, అది మాత్రం వట్టి సోకు. ఒళ్లంతా పనిచేసే యంత్రానికి ఒక్క సోకు ఉంటే ఎంతో బాగుంటుంది. నీ బొమ్మలో వరస తిరగబడింది.

నువ్వు గీసే ఈ స్టీంపంక్ అంటే లండను పొగమంచు, పొడుగు టోపీలు అనుకుంటారు. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1880లోనే ఆవిరి ఏనుగును మన దేశం మీదే నడిపించాడు తెలుసా? ఆ నవలలో ఉక్కు ఏనుగు రెండు చక్రాల ఇళ్లను లాక్కుంటూ కలకత్తా నుంచి బయల్దేరుతుంది. ఊహ గొప్పదే. కానీ అందులో విహారం చేసేది దొరలు, దారి పొడుగునా వేట. నీ బండిలో ఆ దొరలను మళ్లీ ఎక్కించకు. అసలు మన లైనును నడిపింది సదరన్ మరాఠా రైల్వే. 1876-78 కరువు తర్వాత, కరువు సీమలకు రైలు ఉండాలన్న ఆలోచనతో 1882లో పుట్టిన కంపెనీ అది. దాని పట్టాల మీద ధాన్యం వచ్చింది, మన పత్తీ పోయింది. నీ ఊహాలోకంలో ఆ ఇంజను ఎవరిది? నరసరావుపేట రైతులు వాటాలు వేసుకుని కొన్నదైతే దాని రంగు, దాని మీద రాత, డ్రైవరు తలపాగా అన్నీ మారిపోతాయి. బొమ్మకు ముందు ఆ ఒక్క సంగతి తేల్చుకో.

ఇక నాకు ఇష్టమైన చోటికి వస్తాను. పత్తి.

జిన్నింగు మిల్లు ఆవరణలో దూది ఎట్లా ఎగురుతుందో నువ్వు చూశావు. రేకుల మీద, తీగల మీద, మనుషుల వెంట్రుకల్లో అదే. అక్కడికి నిప్పురవ్వలు కక్కే ఇంజనును తీసుకుపోతే ఏమవుతుంది? 170 కిలోల బేలుకు నిప్పంటుకుంటే పైకి మంట కనిపించకుండా లోపల రోజుల తరబడి రగులుతుంది. కాబట్టి పత్తి దేశపు ఇంజను మొట్టమొదట నిప్పుకు భయపడాలి. ఆ భయంలోంచే నీకు రెండు బండ్లు పుడతాయి.

ఒకటి, అసలు నిప్పే లేని ఇంజను. ఇది కల్పన కాదు. ఫైర్‌లెస్ ఇంజన్లని అగ్నిప్రమాదం ఉన్న కర్మాగారాల్లో వాడేవారు. సింద్రీ ఎరువుల కర్మాగారంలో పనిచేసినది ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. దానికి పొయ్యి ఉండదు. ఫ్లాస్కు లాంటి పెద్ద తొట్టి ఉంటుంది, అందులో సగానికి పైగా నీళ్లు. మిల్లు బాయిలరు నుంచి గొట్టం తగిలించి ఆవిరి ఎక్కిస్తారు. ఇంజను ఆవిరి వాడుకునే కొద్దీ తొట్టిలో ఒత్తిడి తగ్గుతుంది, తగ్గిన ఒత్తిడికి ఆ వేడి నీరు తనంతట తానే మళ్లీ మరుగుతుంది. కొన్ని గంటలు వ్యాగన్లు అటూ ఇటూ నెట్టి, చల్లబడ్డాక మళ్లీ మిల్లు గొట్టం దగ్గరికి వస్తుంది. తక్కువ ఒత్తిడితో పని కాబట్టి సిలిండర్లు లావుగా ఉండాలి. బొగ్గుపెట్టె అక్కర్లేదు, పెద్ద పొగగొట్టమూ అక్కర్లేదు. చూడు, ఆకారం ఎంత విచిత్రంగా మారిందో! ఒక్క పళ్లచక్రం అతికించకుండానే. నీ రైలు సిమ్యులేటర్లో దీన్ని నడిపేవాడికి ఆటా దొరుకుతుంది: ఒత్తిడి ముల్లు పడిపోతుంటే ఇంకో రెండు వ్యాగన్లు లాగాలా, వెనక్కి పోవాలా?

రెండోది, పత్తికట్టె కాల్చే ఇంజను. చేలో పత్తి తీశాక మిగిలే కట్టె. తూకానికి తూకం వేస్తే ఎండిన కట్టె మన బొగ్గుకు మరీ తీసిపోదు, కానీ చోటు ఎన్నో రెట్లు పడుతుంది. అందుకని ఇంజను వెనక కట్టె మోసే టెండరు ఇనుప పెట్టె కాకుండా, ఎత్తైన కమ్మీల పంజరంలా ఉండాలి. గడ్డిబండి మీద మోపులు బిగించినట్టు మోకులు ఉండాలి. కట్టె రవ్వలు విపరీతంగా లేస్తాయి గనక పొగగొట్టం పైన లావుగా ఉబ్బి, లోపల జల్లెడ ఉండాలి. అమెరికాలో కర్ర కాల్చిన పాత ఇంజన్లకు అలాంటి గొట్టాలే ఉండేవి, ఫోటోలు దొరుకుతాయి చూడు. ఇద్దరు ఫైర్‌మన్లు కావాలి, ఒకడు కట్టె అందించడానికే.

మిరప సంగతి వేరు. దానికి నిప్పు కన్నా వాన శత్రువు. కల్లంలో ఎండబెట్టిన కాయ మీద ఒక్క జల్లు పడితే రంగు పోయి తాలు అవుతుంది, గుంటూరు యార్డులో టిక్కీ (మిరప బస్తా) ధర సగానికి పడుతుంది. కల్లం దగ్గరికే వచ్చి కాయను ఆరబెట్టే బండి గీస్తే? పొగ మాత్రం కాయకు తగలకూడదు. దీనికి కిటుకు ప్రకాశం జిల్లా పొగాకు బ్యారన్లలోనే ఉంది. పొయ్యి బయట, మంట గొట్టాల్లో పోతుంది, గొట్టాల వేడికి ఆకు పండుతుంది, పొగ ఆకును ముట్టదు. ఆ గొట్టాలను వ్యాగను అడుగున పరిచి, ఇంజను వదిలేసే ఆవిరిని వాటిలోంచి పంపు. పక్కలకు తెరుచుకునే రేకు తలుపులు, లోపల అరలు. నాకైతే నీ మూడు పొగగొట్టాల ఇంజను కన్నా ఈ వ్యాగనే ఎక్కువ స్టీంపంక్.

కల్లం దాకా పట్టాలు ఎక్కడివి అని నన్ను పట్టుకుంటావు. 1907లో పటియాలా సంస్థానంలో ఒంటిపట్టా రైలు వేశారు. బరువు చాలావరకు ఒకే పట్టా మీద, పక్కకు ఒరగకుండా ఓ పెద్ద చక్రం రోడ్డు మీద దొర్లుతూ వచ్చేది. దాని ఇంజను కూడా ఢిల్లీ మ్యూజియంలోనే ఉంది. మన డొంకల వెంట అలాంటిది ఊహించుకో. అయితే పటియాలా చక్రం యథాతథంగా తెస్తే మన నల్లరేగడి మింగేస్తుంది. వానాకాలం బంక, ఎండాకాలం నెర్రెలు. పట్టా కట్ట కూడా ఉబ్బి కుంగుతుంది. పక్క చక్రం వెడల్పు మూడింతలు చెయ్యి, మట్టి గీకే రేకు ఒకటి పెట్టు, దిగబడితే లాగడానికి కొక్కేలు పెట్టు. ఆ కొక్కేలు చూసినవాడికి ఆ బండి ఎన్నిసార్లు దిగబడి ఉంటుందో నువ్వు చెప్పకుండానే తెలుస్తుంది.

తమాషా ఏమిటంటే, ఊహాబండి మన దగ్గర ఏటా నడుస్తూనే ఉంది. కోటప్పకొండ తిరునాళ్లకు పోయే ప్రభను నువ్వు భుజాలెక్కి చూసిందానివి. చక్రాల మీద తాటిచెట్లను మించిన కట్టడం, ఒరిగిపోకుండా నలువైపులా మోకులు పట్టిన మనుషులు, ఒళ్లంతా దీపాలు. ఏ దేశపు స్టీంపంక్ బొమ్మలోనూ నేను అంత ధైర్యం చూడలేదు. ప్రభ ఇంజను గీయి. కానీ బ్రాడ్‌గేజిలోనైనా బండి ఎత్తు పట్టా మీంచి నాలుగు మీటర్ల పైచిలుకే. నల్లమల సొరంగం దగ్గర ప్రభ ఏం చేస్తుంది? పడుకోవాలి. పడుకోబెట్టే ఆవిరి జాకీలు, మోకులు చుట్టే చక్రాలు, ఇక్కడ పెట్టు నీ పళ్లచక్రాలు. ఇప్పుడు వాటికి పని దొరికింది. ఒంగోలు గిత్త మూపురాన్ని ఆవిరి గుమ్మటం చెయ్యాలని ఉంటే సరే, అది ఉండాల్సిన చోటే ఉంటుంది. కొమ్ములు మాత్రం వద్దు.

లెక్కలు కొన్ని. వైపీ ఇంజను సిలిండరు 15¼ అంగుళాలు, స్ట్రోకు 24, చక్రం 54, బాయిలరు ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్లు. సిలిండరు వ్యాసాన్ని దానితోనే హెచ్చించి, స్ట్రోకుతో హెచ్చించి, చక్రం వ్యాసంతో భాగించు. వచ్చినదాన్ని ఒత్తిడిలో 85 శాతంతో హెచ్చిస్తే 18,450 పౌండ్ల లాగుడు. నువ్వు ఆరున్నర అడుగుల చక్రం వేసి, సిలిండరు ఎనిమిది అంగుళాలకు మించకుండా గీశావు. అదే ఒత్తిడి, అదే స్ట్రోకు ఇచ్చినా వైపీ లాగుడులో ఐదో వంతు కూడా రాదు. పెద్ద చక్రం వేగానికి, చిన్న చక్రం బరువుకి. టిక్కీలు లాగేదానికి చిన్న చక్రాలు ఎక్కువ వెయ్యి. నీ సిమ్యులేటరు ఓపెన్ రైల్స్ ఉచితమే కదా, దాని ఇంజను ఫైలులో ఈ అంకెలన్నీ అడుగుతుంది. అబద్ధం రాస్తే ఎక్కుడులో నిలబడిపోయి నీ పరువు తీస్తుంది.

కుడి ఎడమ క్రాంకులు ఒకదానికొకటి తొంభై డిగ్రీల తేడాలో పెట్టు. నీ బొమ్మలో రెండూ ఒకే దిక్కు చూస్తున్నాయి, అట్లా అయితే క్రాంకు సరిగ్గా చివరన ఆగినప్పుడు ఇంజను మళ్లీ కదలదు. చప్పుడు కూడా చక్రానికి కట్టి ఉంటుంది. రెండు సిలిండర్ల ఇంజను చుట్టుకు నాలుగు ఊదులు ఊదుతుంది. వైపీ చక్రం చుట్టుకు 4.31 మీటర్లు పోతుంది కాబట్టి గంటకు 20 కిలోమీటర్ల మీద సెకనుకు ఐదు ఊదులు. 60 మీద పదిహేను దాటి ఒకటే గుర్రుమనే మోత. చక్రం తిరిగేది ఒకటి, చప్పుడు ఒకటి అయితే కళ్లు మూసుకున్నవాడు కూడా పట్టేస్తాడు.

రంగుల గురించి చెప్పడానికి నాకంత అర్హత లేదు కానీ, ఇత్తడి మెరుపు తగ్గించు. ఇత్తడి మెరవాలంటే రోజూ తోమే మనిషి ఉండాలి. ప్రకాశం మెట్ట నీళ్లు ఉప్పు నీళ్లు. బాయిలరు లోపల గొట్టాల మీద పెచ్చు కడతాయి, బయట కడుగు ప్లగ్గుల కింద తెల్లటి చారికలు దిగుతాయి. ఆ చారికలు వెయ్యి. కీళ్ల దగ్గర గ్రీజుకు అంటుకున్న దూది, మెట్ల మీద ఎర్రటి మిరప పొడి. ఇవి చాలు, ఈ బండి ఎక్కడిదో చెప్పడానికి.

మొదట నిప్పులేని ఇంజను ఒక్కటే చెయ్యి. చిన్నది, భాగాలు తక్కువ, త్వరగా తేలుతుంది. రంగు వెయ్యకుండా, బూడిద రంగు మీదే, ఇరవై వ్యాగన్లు తగిలించి నడుపు. నడక కుదిరాక బొమ్మకు సోకు చెయ్యి. పంజరం టెండరు కొలతలు నాకు పంపితే కట్టె ఎంత పడుతుందో లెక్క వేస్తాను. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ నాన్నతో చెప్పి దొనకొండ వెళ్దాం, పాత షెడ్డు ఉన్న చోటు చూపిస్తాను. టేపు, నోటుపుస్తకం తెచ్చుకో. పరీక్షలు అయ్యేదాకా మాత్రం రాత్రి పదకొండు తర్వాత ఆ కంప్యూటర్ ముట్టుకోవద్దని మీ అమ్మ నాచేత రాయిస్తోంది.

ఆశీస్సులతో
మీ పెదనాన్న