మేడమీది చిన్న ఇల్లు: వెలుగును నిలుపుకొని వేడిని ఆపుట ఎట్లు?

గృహాలంకరణ అనగానే మన కన్నులముందు ఖరీదైన సోఫాలు, గోడనిండా అద్దాల బీరువాలు, బరువైన తెరలు మెదలుచుండును. ఇంటిని తీర్చిదిద్దుటకు మొదటి కారణం అందులో నివసించువారి ఆరోగ్యమన్న సంగతి మాత్రం మనకు గుర్తుండదు. అపార్టుమెంటులో అన్నిటికంటె పై అంతస్తున చిన్న ఇల్లు ఉన్నవారికి ఈ మరపు ప్రతి వేసవిలోను ఖరీదైనదిగా పరిణమించును. అట్టి ఇంటికి వెలుగు పుష్కలంగా లభించును. వెలుగుతోపాటు వేడియు వచ్చును. మొదటిదానిని ఉంచుకొని రెండవదానిని ఆపగలిగిన అలంకరణయే ఆ ఇంటికి తగిన అలంకరణ. అది ఎట్లు సాధ్యమో ఈ పాఠంలో తెలిసికొందము.

ఒక కుటుంబపు అనుభవం

మిరుదొడ్డి ప్రాంతానికి చెందిన ఒక కుటుంబం పిల్లల చదువుల నిమిత్తం సిద్దిపేట పట్టణానికి వచ్చి, ఒక భవనంలో పై అంతస్తున రెండు గదుల ఇల్లు కొనుక్కున్నది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, డెబ్బది యేండ్లు దాటిన అత్తగారు. ఊరిలో వారిది గూనపెంకల ఇల్లు. మందమైన మట్టిగోడలు, ముందు అరుగు, పెరటిలో వేపచెట్టు ఉండెడివి. క్రొత్త ఇంటిలో ముచ్చటపడి గోధుమరంగు ప్లైవుడ్ షోకేసులు, మూడు గోడలకు ఆనించిన సోఫాలు, పాలిస్టర్ తెరలు అమర్చుకొన్నారు. మే నెల వచ్చునప్పటికి ఎండకు భయపడి తెరలు పూర్తిగా మూసివేసి, పట్టపగలు ట్యూబులైట్లు వెలిగించుకొనవలసి వచ్చినది. అయినను రాత్రి పదకొండు గంటలకు కూడ పైకప్పు నుండి సెగ దిగుచుండెడిది. పెద్దామె నిద్రపట్టక మెట్లమీద కూర్చుండెడిది.

మేము ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె అన్న మాట ఇది: "బిడ్డా, మా పెంకుటింట్ల పైస పెట్టి చల్లదనం కొనలేదు. ఈడ ఇన్ని సామాన్లున్నయి, నేను కూసునే జాగ లేదు. నన్ను ఊర్ల దించి రమ్మను."

ఊరిలో ఆమెను చూచుకొనువారు ఎవరును లేరు. కుమారుడు అప్పుచేసి రెండు గదులకు ఏసీలు, జిప్సం సీలింగు పెట్టింపవలెనని ఆలోచించుచున్నాడు. ఆ అప్పు చేయుటకు ముందు ఇంటిని ఒకసారి వైద్యుడు రోగిని పరీక్షించినట్లు పరీక్షించవలెనని మేము కోరితిమి.

శాస్త్రం ఏమి చెప్పుచున్నది?

చరక సంహిత సూత్రస్థానంలోని పదునైదవ అధ్యాయంలో, చికిత్స పొందువానికి ఎట్టి గృహం ఉండవలెనో వివరింపబడినది. ఆ వివరణ సారాంశం ఇది. ఇల్లు దృఢంగా ఉండవలెను. ఈదురుగాలి కొట్టరాదు కాని ఒక ప్రక్క నుండి గాలి బాగుగా ఆడవలెను. పొగ, ఎండ, నీరు, దుమ్ము లోనికి చొరబడరాదు. వీటితోపాటు ఇంటిలో సుఖంగా తిరుగాడుటకు చోటు ఉండవలెనని కూడ చరకుడు చెప్పెను. సామానులతో క్రిక్కిరిసిన నేటి ఇండ్లకు ఈ ఒక్క లక్షణమే పెద్ద పాఠము.

వాగ్భటుని అష్టాంగహృదయంలో ఋతుచర్యాధ్యాయం గ్రీష్మకాలపు నివాసాన్ని వర్ణించును. ఎండను అడ్డగించు పొడవైన చెట్ల నీడ, చల్లని సుగంధజలంతో తడిపిన వస్త్రపు తెరలు, రాత్రివేళ వెన్నెల పరచుకొన్న మేడపై శయనం అందులో కనిపించును. అనగా ఎండను ఇంటి బయటనే ఆపుట, తేమతో గాలిని చల్లబరచుట, రాత్రి ఆకాశపు చల్లదనాన్ని వాడుకొనుట. ఈ మూడును నేటి అపార్టుమెంటులో కూడ సాధ్యమే.

పై అంతస్తుకే ఎందుకింత వేడి?

సిద్దిపేట ప్రాంతం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. కావున మే రెండవ వారంలో ఒకసారి, జూలై నెలాఖరున మరొకసారి మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును. అప్పుడు గోడలపై ఎండ ఏటవాలుగా జారిపోవును, పైకప్పు మాత్రం పూర్తి ఎండను భరించును. కాంక్రీటు స్లాబు పగలంతయు ఆ వేడిని పీల్చుకొని సాయంత్రం నుండి మెల్లమెల్లగా లోనికి విడుచును. రాత్రి బయట చల్లబడినను లోపల ఉక్కగా ఉండుటకు ఇదియే కారణం. గూనపెంకల ఇంటిలో పెంకుల సందులగుండా వేడిగాలి పైకి వెడలిపోవును. స్లాబు ఇంటిలో అట్టి దారి లేదు.

కాబట్టి తలుపులకు దట్టమైన తెరలు వేసి చీకటి చేసుకొన్నంత మాత్రాన వేడి తగ్గదు. అది వచ్చుచున్నది ప్రధానంగా పైనుండి. చికిత్స అచ్చటనే మొదలు కావలెను.

మొదటి మెట్టు: డాబాకు సున్నపు పూత

తెల్లని పైకప్పు ఎండలో ఎక్కువ భాగాన్ని తిరిగి ఆకాశంలోనికి పంపివేయును; మాసిన కాంక్రీటు అందులో ఎక్కువ భాగాన్ని త్రాగివేయును. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించుటకు ఆధారం ఈ సూత్రమే. ఇట్టి పూతల వలన గదిలోని వేడి 2 నుండి 5 డిగ్రీల వరకు తగ్గగలదని పరిశీలనలు తెలుపుచున్నవి.

విధానం: ముందుగా డాబాను ఊడ్చి, కడిగి, పగుళ్ళను పూడ్పించవలెను. మంచి సున్నాన్ని ఒక రాత్రి నీటిలో నానబెట్టి, గుడ్డతో వడకట్టి, చిక్కని పాలవలె చేసికొనవలెను. పట్టు కొరకు తెల్ల సిమెంటు, జిగురు ఎంత కలుపవలెనో మేస్త్రీని అడిగి కలుపుకొనవలెను. ఎండ తగ్గిన తరువాత రెండు మూడు పూతలు వేయవలెను. వాన తరువాత పూత రాలిపోవును కావున ప్రతి సంవత్సరం మాఘ, ఫాల్గుణ మాసాలలో తిరిగి వేయించుట మేలు.

జాగ్రత్త: సున్నం కండ్లలో పడిన చూపునకు ప్రమాదం. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దాలు ధరింపవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు. పొరపాటున కంటిలో పడినచో వెంటనే ధారగా మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని వద్దకు పోవలెను.

అపార్టుమెంటు డాబా అందరి ఉమ్మడి ఆస్తి. కావున ఇరుగుపొరుగువారితో మాట్లాడి, అసోసియేషను అనుమతి తీసికొనుట అవసరం. అద్దె ఇంటివారు యజమానితో మాట్లాడవలెను. పై అంతస్తువారి కష్టం క్రింది వారికి తెలియదు. మధ్యాహ్నం మూడు గంటలకు వారిని ఒకసారి మీ ఇంటికి పిలిచి కూర్చుండబెట్టినచో వేరే వివరణ అక్కరలేదు.

ఈ పని చేయకుండ సీలింగు మాత్రం దించినచో గది ఎత్తు తగ్గును, ఫ్యాను నెత్తికి దగ్గరగును.

రెండవ మెట్టు: కిటికీలు, తెరలు

ఎండ అద్దాన్ని దాటి లోనికి వచ్చిన తరువాత తెర వేయుట దొంగ లోనికి వచ్చిన తరువాత తలుపు మూయుట వంటిది. వెదురు తడికనుగాని ఈతచాపనుగాని కిటికీకి బయటి వైపున వ్రేలాడదీయవలెను. పడమటి కిటికీలకు ఇది తప్పనిసరి. లోపల లేత రంగు నూలు తెర ఒకటి చాలును. దుబ్బాక, సిద్దిపేట చేనేతకు పేరుపడిన ఊళ్ళు. ఇంటిలో పెట్టెలో మడతపెట్టి ఉంచిన పాత నేతచీర ఉన్నచో అదియే తెరగా అమరును. దానిగుండా వచ్చు వెలుగు కంటికి మెత్తగా ఉండును.

ప్రాతఃకాలమున తలుపులు, కిటికీలు అన్నియు తెరచి లేత ఎండను, చల్లగాలిని రానీయవలెను. పది గంటలకు బయటి గాలి వేడెక్కగానే ఎండ వైపు కిటికీలు మూయవలెను. సాయంత్రం తిరిగి ఎదురెదురు కిటికీలు తెరచి గాలికి దారి ఈయవలెను. ఎదురెదురుగా కిటికీలు లేని ఇంటిలో వంటగది కిటికీని, ముందు తలుపును కలిపి తెరచిన గాలి ఆడును.

వట్టివేళ్ళ తడికపై నీరు చల్లినచో దానిగుండా వచ్చు గాలి చల్లబడి సువాసన నిచ్చును. మన ప్రాంతపు చైత్ర, వైశాఖాల పొడిగాలికి ఇది చక్కగా పనిచేయును. వానలు మొదలైన తరువాత మాత్రం తడికను ఎండబెట్టి దాచవలెను. తేమగాలిలో అది చల్లబరచదు సరికదా, బూజుపట్టి ఉబ్బసం ఉన్నవారిని బాధించును.

మూడవ మెట్టు: గోడలు, నేల, సామాను

గోడలకు తెలుపు లేక లేత గంధపు రంగు వేసినచో చిన్నగది విశాలంగా తోచును, పగలు దీపం అక్కరలేదు. పల్లెలో గోడ అడుగున జాజుతో ఎర్రని పట్టీ తీర్చు అలవాటు మనకున్నది. అదే పట్టీని జానెడు ఎత్తున క్రొత్త ఇంటి గోడకు తీర్చినచో, వేరే అలంకరణ లేకుండగనే గదికి నిండుదనం వచ్చును. పిల్లల చేతి మరకలు, తడిగుడ్డ మరకలు కనిపించవు.

గోడకు ఒక్క చిత్రం చాలును. సిద్దిపేట జిల్లాలోనే ఉన్న చేర్యాలలో నకాషీ కళాకారులు వస్త్రంపై చింతగింజల జిగురు పూసి, ఎర్రని నేపథ్యంపై కథలు చిత్రింతురు. అట్టి చిన్న పటమొకటి తెల్లగోడకు జీవం పోయును. మీ ఇంటిలో వెలుగు ఎక్కువ కావున, నేరుగా ఎండపడని గోడను ఎన్నుకొనవలెను. లేకున్న రంగులు వెలిసిపోవును.

కూర్చుండుటకు తుంగచాపలు, రెండు తేలికపాటి కుర్చీలు, పడుకొనుటకు నవారు మంచం ఉంచుకొనవచ్చును. నవారు మంచం క్రింద గాలి ఆడును, వీపు చెమటపట్టదు. పగలు గోడకు నిలబెట్టినచో గదంతయు ఖాళీయగును. ఫోము పరుపు వేడిని పట్టి ఉంచును. వేసవిలో దానిపై పలుచని నూలు బొంత వేసికొనవలెను. నడచు దారిలో బల్లలు, జారుడు కార్పెట్లు ఉంచరాదు. రాత్రి లేచి నడచు వృద్ధులు వాటికి తగిలి పడుచుందురు.

గాలి తగులు నీడపట్టున ఒక మట్టి రంజను పెట్టి, ప్రతిదినం కడిగి నీరు నింపవలెను. మట్టి రంధ్రాల నుండి ఊరు తేమ ఆరునప్పుడు లోని నీరు చల్లబడును. అంతకంటె అందమైన వస్తువు వేసవిలో మరియొకటి లేదు.

బాల్కనీలో తులసి, పుదీనా, కలబంద, సబ్జా కుండీలు చాలును. కమ్మీపై తిప్పతీగ ప్రాకించినచో పచ్చని తెర ఏర్పడును. ఇది నీడకు మాత్రమే. వైద్యుని సలహా లేకుండ దానిని సేవింపరాదు. కుండీల క్రింది పళ్ళెములను, కూలరు తొట్టిని వారానికొకసారి ఖాళీచేసి రుద్ది ఆరబెట్టవలెను. లేనిచో డెంగీ దోమలకు అవి నిలయములగును.

మిగిలిన ఋతువులలో

వర్షాకాలంలో స్లాబు కారుచున్నదేమో చూచి, డాబా నీరుపోవు గొట్టాలను శుభ్రపరచుకొనవలెను. అలమరలలో ఎండిన వేపాకు ఉంచుట మంచిది. శీతకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలును కావున దక్షిణపు తడికలను ఎత్తివేయవలెను. ఆ ఎండలో పెద్దలకు గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం చేయుట కీళ్ళకు హితకరం. మేడమీది ఇంటికి వేసవిలో శత్రువైన ఎండ హేమంతంలో బంధువగును.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

అలంకరణ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. గది వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను గాలి శరీరాన్ని మరింత వేడెక్కింపగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది. అట్టి వేళ వృద్ధులను, పసిపిల్లలను క్రింది అంతస్తునకు పంపి, ఒంటిని తడిగుడ్డతో తుడుచుచుండవలెను. పలుచని మజ్జిగ, సబ్జా నీరు, జొన్న అంబలి తరచుగా ఈయవచ్చును. గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు ఎంత ద్రవం తీసికొనవలెనో వైద్యుని అడుగవలెను. శరీరం కాలిపోవుచు, మాట తడబడి, స్పృహ తప్పుచున్నచో అది వడదెబ్బ. గృహవైద్యంతో కాలయాపన చేయక తడిపి, విసరుచు, 108కు ఫోను చేయవలెను.

ఫలితం

ఆ కుటుంబం షోకేసులను, ఒక సోఫాను అమ్మివేసినది. నలుగురు పొరుగువారు కలిసి డాబాకు సున్నం వేయించిరి. పడమటి కిటికీకి తడిక, లోపల పెద్దామె పాత చీర తెరగా వచ్చినవి. ఇల్లు వేపచెట్టు నీడ కాలేదు. మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఇప్పటికిని వేడియే. కాని రాత్రి పది గంటలకు గది నిద్రకు అనువగుచున్నది. ఏసీ అవసరమైనచో పెద్దామె గదికి ఒక్కటి చాలునని కుమారుడు నిశ్చయించుకొన్నాడు. ఆమె ఊరికి పోవు మాట ఎత్తుట లేదు. తూర్పు కిటికీ క్రింద ఖాళీచేసిన చోట చాప పరచుకొని ఉదయం బియ్యం చెరుగుకొనుచున్నది.

పాఠకులు ఈ వారం ఒక పని చేయగోరుచున్నాము. ఉదయం తొమ్మిదింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి మీ ఇంటిలో ప్రతి గదిలోను ఐదు నిమిషాలు కూర్చుండుడు. వెలుగు ఎటునుండి వచ్చుచున్నదో, సెగ ఎటునుండి దిగుచున్నదో, ఏ వస్తువు గాలికి అడ్డు నిలుచున్నదో వ్రాసికొనుడు. తరువాత ఏది కొనవలెనో ఆలోచింపవచ్చును. ముందుగా ఏది తీసివేయవలెనో ఆ కాగితమే చెప్పును.